రేడియోలో శ్యామలమ్మ పేరు

మల్కాజ్‌గిరిలో పిండి గిర్ని ఉన్న సందులో ఎలీసబెతు టీచరును ఎరగనివాళ్ళు లేరు. చదువు చెబుతుందని కాదు, చదువు చెప్పేవాళ్ళు ఆ సందులో ఇంకో ఇద్దరున్నారు. ఆమె పేరు రేడియోలో వస్తుంది, అందుకు.

ఆ రోజుల్లో రేడియోలో పేరు రావడమంటే మాటలు కాదు. కోరిన పాటల కార్యక్రమానికి కార్డు ముక్క మీద పాట పేరు, దాని కింద మన పేర్లు రాసి పంపాలి. మన అదృష్టం బాగుంటే ఒక ఆదివారం మధ్యాహ్నం రేడియో అమ్మాయి మన ఊరి పేరు, మన పేర్లు గుక్క తిప్పుకోకుండా చదివి, ఆ తర్వాత పాట వేస్తుంది. కొందరు కార్డు మీద తమ పేరొక్కటే రాసుకునేవాళ్ళు. వాళ్ళంటే ఎలీసబెతుకు ఒళ్ళు మంట. "పాట ఒక్కళ్ళే వింటారా ఏవిటి? పక్కింటి వాళ్ళకి చెవుల్లేవా?" అనేది. ఆమె కార్డులో ఆమె పేరు, భర్త ప్రభుదాస్ పేరు, పక్కింటి శ్యామలమ్మ పేరు, శ్యామలమ్మ భర్త జంగయ్య పేరు ఉండి తీరాలి. చోటు మిగిలితే పాలు పోసే బాలమ్మ పేరు. ఇంకా మిగిలితే ఎదురింటి కుక్క పేరు. రేడియో అమ్మాయి దాన్ని కూడా గౌరవంగానే "మాస్టర్ టామీ" అని చదివింది. ఆ వారమంతా టామీని ఎవరూ అదిలించలేదు.

ఎలీసబెతుది పాలకొల్లు వైపు. పెళ్ళయి సికింద్రాబాదు వచ్చినప్పుడు ఒక ట్రంకు పెట్టె, కీర్తనల పుస్తకం, తండ్రి ఇచ్చిన రేడియో తెచ్చుకుంది. ప్రభుదాస్ రైల్వే ఆఫీసులో గుమాస్తా. మాట తక్కువ, నిద్ర ఎక్కువ. కుర్చీ కనబడితే చాలు, కునుకు పట్టేస్తుంది. అందుచేత ఆ ఇంట్లో మాట్లాడే పని రేడియోకీ, ఎలీసబెతుకీ పడింది. ఇద్దరూ ఆ పనిని ఏ లోటూ లేకుండా చేశారు.

ఆమెకు గడియారంతో పనిలేదు. పొద్దున భక్తిగీతాలు మొదలయ్యేసరికి పొయ్యి వెలగాలి, సంస్కృతంలో వార్తలు వచ్చేసరికి పప్పులో తిరగమోత పడాలి. ఆ వార్తల్లో ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. అయినా అవి రాకపోతే తిరగమోత మాడిపోయేది. పాట ఏదైనా సరే, ఆమెకు కావలసిందే. చర్చి పాటల బృందంలో అందరికంటే పై శ్రుతి అందుకునేది ఆమే. ఆదివారం పొద్దున చర్చిలో కీర్తన పాడిన గొంతుతోనే మధ్యాహ్నం గిన్నెలు తోముతూ సినిమా పాట ఎత్తుకునేది. ఒకసారి పాస్టరుగారు అది విని మెల్లగా మందలించబోతే, "అయ్యగారూ, రాగం దేవుడిదే. మాటలు రాసినవాడే మనిషి. నేను రాగం వరకే పాడుతున్నాను," అంది. పాస్టరుగారు మంచినీళ్ళు అడిగి తాగి వెళ్ళిపోయారు.

మూడేళ్ళ కిందట టీవీ కొన్నారు. చెక్క తలుపులున్న టీవీ. చూడనప్పుడు తలుపులు మూసి, పైన ఎలీసబెతు కుట్టిన పూల గుడ్డ కప్పేవాళ్ళు. అప్పటినుంచి రేడియోకి ఒక కార్డు, టీవీకి ఒక కార్డు. టీవీకి రాసే కార్డులో పేర్లు కాదు, అభిప్రాయాలు ఉండేవి. "ఈ వారం నాటికలో కోడలు పట్టుచీర కట్టుకుని పొయ్యి ముందు కూర్చుంది. ఆ ఇంట్లో నూలు చీరలు లేవా? నాటిక తీసినవారు ఎప్పుడైనా వంటింట్లోకి వెళ్ళారా? అత్తగారు మాత్రం బాగా ఏడ్చింది. ఆమెకు మా అభినందనలు. ఇట్లు, ఎలీసబెతు, శ్యామలమ్మ, మల్కాజ్‌గిరి."

ఇందులో చీర సంగతి ఎలీసబెతుది, అత్తగారి ఏడుపు శ్యామలమ్మది. శ్యామలమ్మకు రాయడం రాదు. కానీ మనిషి ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం. ఆ గిర్ని వాళ్ళదే. జంగయ్య తాతల కాలం నుంచీ వాళ్ళది ఆ సందే. ప్రతి శనివారం సాయంత్రం తెలుగు సినిమా వేళకు శ్యామలమ్మ ఒక చాప చంకన పెట్టుకుని, ఒక గిన్నెలో ఉడికించిన శనగ గుడాలు పట్టుకుని వచ్చేది. పేర్లు పడుతుండగానే, "గీ మీసాలాయన ఉన్నడు చూడు, గీనే దొంగ," అని తేల్చేది. నూటికి తొంభై పాళ్ళు అతనే దొంగ. ఇద్దరూ గుడాలు నములుతూ హీరో నడకనుంచి హీరోయిన్ జడదాకా ఒక్కటీ వదలకుండా తీర్పులు చెప్పేవాళ్ళు. అలా మూడేళ్ళు. దానికి ముందు గోడకు ఇటూ అటూ రెండు రేడియోలు ఒకే స్టేషను పెట్టుకుని పదిహేనేళ్ళు. అక్కచెల్లెళ్ళు కూడా అంత కలిసి ఉండరు.

అటువంటిది చెడింది. చెడగొట్టింది ఎలీసబెతే. ఆమె కథ చెబుతున్నానని ఆమె తప్పు దాచలేను.

వాళ్ళ సంఘంలో శనివారం సాయంత్రాలు ఇంటింటి ప్రార్థన పెట్టేవాళ్ళు. వారానికొక ఇల్లు. తన వంతు వచ్చినప్పుడల్లా ఎలీసబెతు ముందే శ్యామలమ్మకు చెప్పేది, ఆ వారం ఇద్దరూ సినిమా మానుకునేవాళ్ళు. ఆ ఏప్రిల్‌లో మాత్రం వంతు వచ్చిన శనివారమే, ఇద్దరూ ఏడాదిగా ఎదురుచూస్తున్న సినిమా పడింది. ఎలీసబెతుకు రెండూ కావాలి. ఐదింటికి ప్రార్థన మొదలుపెడితే ఆరింటికల్లా ఆమెన్, ఆ వెంటనే సినిమా, అని లెక్క వేసుకుంది. "నువ్వు ఆరింటికి వచ్చెయ్ అక్కా, అప్పటికి అయిపోతుంది," అని శ్యామలమ్మకు మాటిచ్చింది.

పాస్టరుగారు మౌలాలి నుంచి సైకిల్ మీద వచ్చేసరికే ఐదుంబావు దాటింది. ఇల్లంతా పద్నాలుగు మంది. ఆయన ఆ రోజు ఓర్పును గురించి వాక్యం చెప్పారు. ఆరింటికి శ్యామలమ్మ చాపతో, గుడాలతో వచ్చి, ఇంకా అవలేదని చూసి, గుమ్మం పక్కనే వొద్దికగా కూర్చుంది. ఆరుంబావయింది. ఆరున్నరయింది. ప్రార్థన దేశ నాయకుల నుంచి వానల దాకా వచ్చి, అక్కణ్ణుంచి ఇంకా ముందుకే పోతోంది. శ్యామలమ్మ ముందుకు వంగి, "టీచరమ్మా, ఇంక ఎంతసేపే?" అని గుసగుసలాడింది. గిర్ని చప్పుడులో బతికిన మనిషి. ఆమె గుసగుస పద్నాలుగు మందికీ వినబడింది. పాస్టరుగారు కళ్ళు తెరిచారు.

ఎలీసబెతుకు తల కొట్టేసినట్టయింది. తన లెక్క తప్పినందుకు తన మీద వచ్చిన కోపం, పక్కనున్న మనిషి మీద పడింది. "అంత తొందరైతే మీ ఇంట్లోనే ఒక టీవీ కొనుక్కోండి. ప్రతి వారం మా ఇల్లే దొరికిందా మీకు?" అంది.

పద్దెనిమిదేళ్ళుగా "అక్కా, నువ్వు" అన్న నోరు ఆ పూట "మీరు" అంది. శ్యామలమ్మ లేచింది. చాప చుట్టుకుంది. గుడాల గిన్నె మాత్రం అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది. ఆ గిన్నె ఎలీసబెతు తోమి, తను వెళ్ళకుండా బాలమ్మ చేత పంపింది. అది ఇంకా పెద్ద తప్పని తర్వాత తెలిసింది.

కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేం అంటారు. బళ్ళో రోజుకు పదిమంది పిల్లల చేత "తప్పయింది" అనిపించే టీచరుకు ఆ మాట తన నోట పలకడం చేతకాలేదు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ ఏప్రిల్ పోయింది, మే పోయింది. శ్యామలమ్మ శనివారాలు సందు చివర కమలాబాయి ఇంటికి పోవడం మొదలుపెట్టింది. అక్కడి టీవీలో బొమ్మ అస్తమానం కిందినుంచి పైకి దొర్లుతూ ఉంటుందని సందంతా ఎరుగును. బొమ్మ దొర్లినా ఫరవాలేదు గాని, టీచరమ్మ గడప తొక్కనన్నమాట. ఒక్క కోరిన పాటలప్పుడు తప్ప, గోడకు అవతల రేడియో వేరే స్టేషనుకు మారింది.

ఎలీసబెతు శనివారం సినిమా పెట్టుకుని కూర్చునేది. పేర్లు పడేవి. "ఈ కళ్ళజోడు ఆయనే దొంగంటారా?" అని ప్రభుదాస్‌ను అడిగేది. ప్రభుదాస్ అప్పటికే గురక. ఉప్పులేని పప్పు తిన్నట్టు సగం చూసి కట్టేసేది. కార్డులు రాయడం మానేసింది. రాయాలని కూర్చుంటే పేర్ల దగ్గర కలం ఆగిపోయేది. శ్యామలమ్మ పేరు రాయడానికి మొహం చెల్లదు, రాయకుండా ఉండడానికి మనసొప్పదు.

జూలైలో ఒక ఆదివారం. చర్చి నుంచి వచ్చి, వానకు తలుపులు దగ్గరగా వేసి, చింతచిగురు ఏరుతోంది. రేడియోలో కోరిన పాటలు వస్తున్నాయి. రేడియో అమ్మాయి చదువుతూ చదువుతూ, "మల్కాజ్‌గిరి నుండి శ్యామలమ్మ, జంగయ్య, ఎలీసబెతు, ప్రభుదాస్, బాలమ్మ," అంది. వెంటనే పడవ పాట మొదలైంది.

ఎలీసబెతు చేతిలోని చిగురు కింద పడింది. ఆ కార్డు మార్చిలో రాసింది. శ్యామలమ్మకు పడవ పాటంటే ప్రాణమని, ఆమె పేరు అందరికంటే ముందు పెట్టి రాసింది. సాధారణంగా నెలలోపు చదివితే చదివినట్టు, లేకపోతే ఆ కార్డు మరిచిపోవలసిందే. ఇదెక్కడి మూటలో కూరుకుపోయి ఉందో, నాలుగు నెలలకు బయటపడింది.

పాట రెండో చరణంలో ఉండగా తలుపు తోసుకుని శ్యామలమ్మ వచ్చింది. నెత్తి మీద కొంగు తడిసిపోయింది. చేతిలో పళ్ళెం, పళ్ళెంలో పొగలు కక్కుతూ సర్వపిండి. పెనం మీద ఉన్నది ఉన్నట్టు పట్టుకొచ్చినట్టుంది.

"ఏందే టీచరమ్మా!" అంది. నవ్వుతోందో ఏడుస్తోందో ఆమెకే తెలియాలి. "మాఫీ అడిగే తీరు గిదేనా? పక్కింట్ల ఉన్న మనిషికి చెప్పనీకి రేడియోల చెప్పిస్తరా ఎవలన్న? నా పేరు అందరికంటె ముందల పెట్టినవు! మా ఆయన గిర్ని బంద్ చేసి మరీ ఇన్నడు!"

ఎలీసబెతు నోరు తెరిచింది. "అక్కా, అది..." అంది. అంతలో శ్యామలమ్మ సర్వపిండి తుంచి ఆ నోట్లో పెట్టేసింది. వేడికి కళ్ళనీళ్ళు వచ్చాయి. వాటికి శ్యామలమ్మ తనకు తోచిన అర్థం చెప్పుకుంది. ఇద్దరూ పాట అయిపోయేదాకా చేతులు పట్టుకుని కూర్చున్నారు. అంత సుఖంగా ఉన్న మనిషి నిజం చెబుతుందా? చెప్పలేదు.

శ్యామలమ్మ వెళ్ళాక ప్రభుదాస్‌తో అంది, "ఏమండీ, అది పాత కార్డండీ. ఆవిడ క్షమాపణ అనుకుంటోంది."

"రొట్టె విరిగి నేతిలో పడింది. ఇప్పుడు దాన్ని పైకి తీసి కడుగుతానంటావేంటి?" అని ప్రభుదాస్ అటు తిరిగి పడుకున్నాడు.

సోమవారానికి సంగతి సందంతా పాకింది. బాలమ్మ పాలు పోస్తూ, "రేడియోల మాఫీ అడిగిన మనిషిని నేనైతే సూడలే అమ్మా," అని దండం పెట్టినంత పని చేసింది. కమలాబాయి దారి కాచి మరీ మెచ్చుకుంది. శ్యామలమ్మ గిర్నికి వచ్చిన ప్రతివాళ్ళకూ చెబుతోంది, ఒకరి గోధుమలు ఇంకొకరి వాటిలో కలిపేస్తున్నా ఆమెకు పట్టలేదు. ఎలీసబెతు మాత్రం తేలు కుట్టిన దొంగలా తిరుగుతోంది. మెచ్చుకోళ్ళు వినాలన్నా కష్టమే, కాదనాలన్నా కష్టమే.

అక్కడితో ఆగితే బాగుండేది. గురువారం పాటల సాధన దగ్గర పాస్టరుగారు ఆమెను పక్కకు పిలిచారు. "సహోదరీ, విన్నాను. ఆ రోజు మీ మాటకు మేమందరం బాధపడ్డాం. మిమ్మల్ని మీరు తగ్గించుకున్నారు, అందరికీ వినబడేలా తగ్గించుకున్నారు. వచ్చే ఆదివారం సంఘం ముందు ఈ సాక్ష్యం చెప్పండి," అన్నారు.

ఎలీసబెతు చిక్కులో పడింది. సాక్ష్యమంటే లేచి నిలబడి, దేవుడు తన చేత ఏం చేయించాడో చెప్పడం. చెయ్యని పనికి సాక్ష్యం ఏం చెబుతుంది? పక్కింట్లో ఊరుకుంటే ఊరుకుంది గాని, చర్చి బల్ల ముందు నిలబడి అబద్ధం ఎలా ఆడుతుంది? నిజం చెప్పాలి. సంఘానికి చెప్పేముందు శ్యామలమ్మకు చెప్పాలి. చెబితే శ్యామలమ్మ మళ్ళీ చాప చుట్టుకుంటుంది. ఈసారి చుట్టుకున్నదంటే ఇక పరచదు. సందంతా చాటుకున్నాక మరి! శుక్రవారం బళ్ళో ఎక్కాలు చెబుతూ ఏడో ఎక్కంలో తప్పు చెప్పింది. పిల్లలే దిద్దారు.

శనివారం సాయంత్రం శ్యామలమ్మ చాపతో, గుడాలతో వచ్చింది. వెనకాలే జంగయ్య, గిర్ని పిండి ఇంకా దులుపుకోకుండా. ఇంకో పది నిమిషాల్లో సినిమా. శ్యామలమ్మ చాప పరిచి, తన పక్కన చోటు తడిమి చూపించి, "రా, కూసో," అంది.

ఎలీసబెతు కూర్చోలేదు. టీవీ చెక్క తలుపులు మూసి, వాటికి వీపు ఆనించి నిలబడింది.

"అక్కా, ఆ కార్డు నేను మాఫీ అడగడానికి రాయలేదు. అది మార్చిలో రాసింది. మన గొడవకు ముందే రాసి పంపాను. ఇన్నాళ్ళకి చదివారు. నేనసలు నిన్ను క్షమాపణే అడగలేదు. నువ్వు అడిగాననుకున్నావు, నేను కాదనలేదు. రేపు చర్చిలో సాక్ష్యం చెప్పమన్నారు. నీకు చెప్పకుండా నేను వెళ్ళలేను," అని ఒక్క ఊపిరిలో చెప్పేసింది.

 ప్రభుదాస్ కూడా మెలకువగానే ఉన్నాడు. శ్యామలమ్మ గుడాల గిన్నె వైపు చూస్తూ కూర్చుంది. చెయ్యి చాప అంచు మీద పడింది. ఎలీసబెతు ఆ చెయ్యినే చూస్తోంది.

"అంటే," అంది శ్యామలమ్మ చివరికి, "లొల్లి గాకముందే నా పేరు ముందల పెట్టినవా?"

"అవునక్కా."

"ఎందుకు పెట్టినవు?"

"ఎందుకేముంది? నీకు పడవ పాటంటే ఇష్టం కదా."

శ్యామలమ్మ తల ఊపింది. మెల్లమెల్లగా, ఏదో తూకం చూసుకుంటున్నట్టు ఊపింది. "టీచరమ్మా, మాఫీ అడిగేటోళ్ళు గరజు ఉండి రాస్తరు. తప్పు జేసినం, ఎట్లనో గట్ల మంచిగ జేసుకోవాలె అని రాస్తరు. నువ్వు ఏ గరజు, ఏ అక్కెర లేనప్పుడు, ఎవలు అడగకముందు, నా పేరు ముందల రాసినవు. నాకు గదే ఎక్కువ. గా మాఫీ కంటె గిదే మస్తు పెద్దది."

ఎలీసబెతు కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి.

"గని ఊకె ఇడ్సిపెడ్తననుకోకు," అని శ్యామలమ్మ వేలు చూపించింది. "మూడు నెలలు కమలాబాయి ఇంట్ల దొర్లే బొమ్మలు చూసి చూసి నా మెడ వట్టేసింది. మాఫీ నోటితోనే అడుగు. రేడియో గాదు, కార్డు గాదు. గిప్పుడే అడుగు, సినిమ షురూ గాకముందు."

టీవీకి ఆనుకుని నిలబడ్డ ఎలీసబెతు వచ్చి చాప మీద కూర్చుంది. శ్యామలమ్మ చెయ్యి పట్టుకుంది. మూడు నెలలు గొంతులో అడ్డం పడ్డ మాట ఇంత చిన్నదా అని ఆమెకే ఆశ్చర్యం వేసింది.

"తప్పయిపోయింది అక్కా. ఈ ఇంట్లో నువ్వు లేని సినిమా నాకొద్దు," అంది.

శ్యామలమ్మ కొంగుతో ఎలీసబెతు మొహం తుడిచింది. తన మొహం తుడుచుకోవడం మరిచిపోయింది. "రేపు గుళ్ళె గిదే చెప్పు, ఉన్నది ఉన్నట్టు. నేను సుత వస్త ఇననీకి," అంది. తర్వాత గొంతు సవరించుకుని, "అన్నా, గా తలుపులు తెరువరాదే, పేర్లు వోతున్నయ్!" అని ప్రభుదాస్ మీద అరిచింది. ప్రభుదాస్ ఎన్నడూ లేనంత చురుగ్గా లేచాడు.

ఆ రోజు సినిమా పరమ చెత్త సినిమా. హీరో నడక బాగాలేదు, హీరోయిన్ జడ సవరమని దూరం నుంచే తెలిసిపోతోంది, పాటలు ఒక్కటీ చెవికి ఎక్కలేదు. దొంగ ఎవరో ఈసారి శ్యామలమ్మకు కూడా అంతుబట్టలేదు. ఇద్దరూ మొదటి నుంచి చివరి దాకా దాన్ని తిట్టని తిట్టు లేకుండా తిట్టారు. గుడాలు అయిపోయాయి, మరచెంబులో నీళ్ళు అయిపోయాయి. పద్దెనిమిదేళ్ళలో వాళ్ళు అంత సంతోషంగా చూసిన సినిమా ఇంకొకటి లేదు.